పట్టా ఆమె పేరున, మిద్దె ఎవరి చేత?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పాత ఊళ్ళలో నాపబండల మిద్దెలు ఇంకా కనిపిస్తాయి. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల, అవుకు గనుల్లో పొరలు పొరలుగా లేచే రాయి అది. స్లేటు అంటే మనకు మార్కాపురం బడిపలక గుర్తొస్తుంది. హిమాచల్ కొండల్లో ఆ జాతి రాయితోనే ఇళ్ళు కప్పుతారు. మన సీమలో ఆ పని నాపరాయి చేస్తూ వచ్చింది. గని దగ్గర చెత్తరాయి మోసే చోటి నుంచి ఇంటి దగ్గర మట్టి, సున్నం, నీళ్ళు అందించే చోటి దాకా ఈ రాయి వెంట స్త్రీలున్నారు. తీరా దంతెల మీద బండ పరిచే వేళకు మాత్రం ఆమెను కిందనే నిలబెడతారు. "నువ్వు సున్నం కలిపియ్యక్కా, పైపని మేం చూసుకుంటాం" అంటారు. ఆ మాటలో మర్యాద ఉంది, కూలిలో తేడా కూడా ఉంది.

ఎందుకని అడిగితే బరువు అంటారు. లెక్క చూద్దాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న నాపబండ సుమారు 75 కిలోలు తూగుతుంది. దాన్ని ఏ మగవాడూ ఒక్కడే మిద్దె మీదికి ఎత్తడు. పరంజా, తాళ్ళు, ఏటవాలుగా వేసిన దుంగలు, నలుగురి చేతులు కావాలి. ఆ నలుగురూ స్త్రీలైతే బండ పైకి రానంటుందా? పది అడుగులు, పన్నెండు అడుగుల గదికి అర అడుగు మందాన చౌడు వేస్తే ఆ మట్టే రెండున్నర టన్నులు దాటుతుంది. అదంతా గంపల్లో నెత్తిన మోసేది ఎవరు? అప్పుడు మాత్రం బరువు ఎవరికీ గుర్తు రాదు!

అసలు నేర్చుకోవలసింది బలం కాదు, చూపు. గోడల పైమట్టం ఒకటిగా ఉందో లేదో నీళ్ళ గొట్టంతోనో రసమట్టంతోనో చూసుకోవాలి. దూలం మీద దంతెలు బండ పొడవుకు తగిన ఎడంలో కూర్చోవాలి, ఎడం ఎక్కువైతే బండ నడుమ విరుగుతుంది. ప్రతి బండనూ పైకెత్తకముందే చిన్న రాయితో తట్టి వినాలి. ఖంగున మోగితే మంచిది, బొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. రెండు కొసలూ దంతెల మీద రెండు మూడు అంగుళాలైనా ఆనాలి. ఊగే బండ కింద చిప్పరాయి దూర్చి సర్దాలి. సందుల్లో సున్నం, ఇసుక కూరి, ఆ పైన చౌడు పరిచి దిమ్మిసతో కొట్టాలి. చౌడు తడిసినప్పుడు మెత్తబడి సందులు మూసుకుంటుంది కాబట్టే సీమ మిద్దెలకు అది పనికొచ్చింది. అడుగుకు పావు అంగుళమైనా వాలు తూము వైపు ఉండాలి. వాలు తప్పితే నీళ్ళు నిలుస్తాయి, మిద్దె ఉరుస్తుంది. ఇందులో ఏ ఒక్క పనికీ మీసాలు అక్కర లేదు.

1976 సమాన వేతన చట్టం ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి స్త్రీ పురుషులకు సమాన కూలి ఇవ్వాలన్నది. పని వేరయితే కూలి వేరు కావచ్చు. కాబట్టి ఆమెను మిద్దె ఎక్కనివ్వకపోతే చాలు, చట్టాన్ని తుంచకుండానే కూలి తగ్గించవచ్చు. దీన్ని ఆచారమని వదిలేస్తే మోసం సాగుతూనే ఉంటుంది.

ఇంటి మీద హక్కుకూ ఈ పనికీ సంబంధం ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ వచ్చింది. 2020లో రాష్ట్రంలో ఇళ్ళ పట్టాలు స్త్రీల పేరునే ఇచ్చారు. మంచిదే. కాని పాత మిద్దె వాటాగా వచ్చిన ఒంటరి స్త్రీ, వాన ముందు చౌడు వేయించడానికి ఎవరినో బతిమాలుకోవలసి వస్తే ఆ హక్కు ఎన్నేళ్ళు నిలుస్తుంది? రెండు వానాకాలాలు ఉరిసిన ఇల్లు అన్నదమ్ముల చేతికి సులువుగా పోతుంది.

అట్లాగని పాత మిద్దెను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపంలో మట్టితో కట్టిన రాతిగోడలు, బరువైన మట్టి కప్పులు కూలి వేలమంది చనిపోయారు. ఏటా పాత చౌడు తీయకుండా కొత్తది వేస్తూ పోతే బరువు పెరుగుతూనే ఉంటుంది. నంద్యాల చుట్టూ నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది, పునాది లోతు లేకపోతే గోడ కదులుతుంది. గోడలో పగులుంటే ముందు దాన్ని చూపించుకోవాలి. పుచ్చిన దంతె మీద బండ పెట్టకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పశువుల కొట్టంతోనో వంటగది కప్పుతోనో మొదలుపెట్టాలి, తెలిసిన మనిషిని దగ్గరుంచుకోవాలి.

మన సంస్థలు ఏళ్ళ తరబడి కుట్టుమిషన్లు, పచ్చళ్ళు, అగరుబత్తీలు నేర్పాయి. జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టిన స్త్రీలను రాణీ మిస్త్రీలన్నారు. కేరళలో కుటుంబశ్రీ బృందాలు ఇళ్ళే కట్టాయి. గనులూ, ఆళ్లగడ్డ శిల్పుల రాతిపనీ ఉన్న మన జిల్లాలో స్త్రీలకు రాతిపని శిక్షణ పెట్టమంటే నిధులిచ్చేవాళ్ళు "మార్కెట్ ఉందా?" అని అడుగుతారు. ఉరిసే మిద్దెలు ఎన్నున్నాయో ఊరూరా లెక్కపెట్టి చూపించండి. వచ్చే వానాకాలానికి ముందే, ఎండల్లో, ఒక్కో ఊళ్ళో ఆరుగురు స్త్రీలతో ఒక మిద్దె తీసి వేయడం మొదలుపెట్టండి. వాళ్ళకిచ్చే కూలి మాత్రం మేస్త్రి కూలే కావాలి.