ప్రశ్న ఒకటి... లెక్కలు నాలుగు చోట్ల!

టమోటా రైతన్నలారా, ఒక మాట అడుగుతాను. మార్చిలో నాటాలా, ఏప్రిల్ దాకా ఆగాలా అని మీరు దేన్ని చూసి తేల్చుకుంటారు? పక్క చేనును చూసి. అంతే కదా! పోయినేడు పక్కాయనకు గిట్టిందంటే ఈ ఏడు మనమూ నాటేస్తాం. అవతల కోలారు వైపూ నాటేస్తారు. తర్వాత మదనపల్లె మండీలో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. 2023 జూలైలో కిలో వంద దాటి పలికిన మార్కెట్టూ అదే, కోత కూలి కూడా రాక కాయను పారబోసి ఇంటికి పోయిన మార్కెట్టూ అదే.

పుంగనూరు దగ్గర రెండెకరాల రైతు ఒకాయన నన్ను పట్టుకున్నాడు. "ఏమప్పా, గడిచిన అయిదేండ్లలో మార్చిలో నాటినోళ్లకు జూన్‌లో ఏం ధర దొరికింది? ఆ ఏడు మా పక్క వాన ఎంత? అదే రోజు కోలారులో రేటెంత? ఈ మూడూ ఒక్క కాయితం మీద ఇప్పించు, అంతే చాలు" అన్నాడు.

రెండు రోజుల పని అనుకున్నాను. రెండు వారాలు తిరిగినా కాయితం నిండలేదు. ధర ఒక ఆఫీసులో, వాన ఇంకో ఆఫీసులో, భూసారం మూడోచోట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. పాత లెక్క ఒక ఊళ్లో, కొత్త లెక్క ఇంకో ఊళ్లో. కోలారు సరేసరి, రాష్ట్రమే వేరు. ఎవరి లెక్క వాళ్ల దగ్గర ఉంది. కాదనను. మన ప్రశ్న మాత్రం గుమ్మం గుమ్మానికీ తిరుగుతోంది.

ఇలాంటి చిక్కే పెద్ద శాస్త్రవేత్తలకూ వచ్చింది. జెనీవా దగ్గర సెర్న్ అనే ప్రయోగశాల ఉంది. అణువు లోపలి కణాలను ఢీకొట్టించి చూస్తారక్కడ. ఆ లెక్కలు ఏ ఒక్క చోటా పట్టవు. అందుకని 40కి పైగా దేశాల్లో 170 దాకా కంప్యూటర్ కేంద్రాలను కలిపి, వాటిలో పంచి పెట్టారు. మన ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం కూడా అందులో ఉన్నాయి. దీన్నే గ్రిడ్ కంప్యూటింగ్ అంటారు. ఆ పేరు కరెంటు గ్రిడ్ నుంచి వచ్చిందే. మీ బోరు మోటారుకు కరెంటు శ్రీశైలం నుంచి వచ్చిందో, ముద్దనూరు నుంచి వచ్చిందో మీకు తెలుసా? స్విచ్ వేస్తే తిరుగుతుంది, అంతే.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. లెక్కలన్నీ మోసుకొచ్చి ఒక గాదెలో పోయరు. లెక్క ఉన్న చోటికే పని పోతుంది. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ప్రశ్న దాన్ని చూసుకొని ఆయా కేంద్రాలకు పోయి, జవాబు మాత్రం పట్టుకొస్తుంది. నేనూ ఇంటర్ దాకా చదివినవాణ్నే, ఇంతకు మించి లోతు నాకక్కర్లేదు. మనకు కావలసింది ఇదే కదా!

ధరల కోసం 2000లో అగ్‌మార్క్‌నెట్ వచ్చింది, 2016లో ఈ-నామ్ వచ్చింది. మంచిదే. కానీ వాటిని వాన లెక్కతో కలిపి అడగాలంటే ముందు కొలత కుదరాలి. ఒక మార్కెట్టులో 15 కిలోల బాక్సు, ఇంకో చోట 25, 30 కిలోల బాక్సు, కంప్యూటర్లో క్వింటాలు. "బాక్సు 400" అంటే ఏమనుకోవాలి? ఊరి పేరూ అంతే. ఒక రిజిస్టర్లో ఒక రకంగా, ఇంకో దాంట్లో ఇంకో రకంగా రాస్తారు. కేంద్రం ప్రతి ఊరికీ ఒక నంబరు ఇచ్చే ఉంది. అన్ని శాఖలూ ఆ నంబరే వేస్తే సగం చిక్కు తీరుతుంది.

లెక్క ఎట్లా తీశారన్నదీ దాని పక్కనే ఉండాలి. 2015లో భూసార కార్డులు మొదలైనప్పుడు మెట్ట భూమిలో 10 హెక్టార్లకు ఒక్క మట్టి నమూనా అన్నారు. అంటే 25 ఎకరాలకు ఒకటి! మీ కార్డులో ఉన్నది మీ పక్కాయన చేని మన్ను కావచ్చు. ఆ సంగతి చెప్పకుండా జవాబు ఇస్తే, అది జవాబు కాదు.

కుప్పానికి కంప్యూటర్ కొత్తేమీ కాదు. 2002లోనే హెచ్‌.పి. కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో అక్కడ సమాచార కేంద్రాలు పెట్టాయి. ఇప్పుడు చేతిలో సెల్లు ఉంది, పంచాయతీలో రైతు సేవా కేంద్రం ఉంది. కాబట్టి ఇంకో యాప్, ఇంకో సర్వే వద్దని నా అభిప్రాయం. ఉన్న లెక్కలను ఉన్న చోటనే ఉంచి, తెలుగులో అడిగిన ప్రశ్నకు వాటన్నిటి నుంచి జవాబు తెప్పించండి. అంతా ఒక్క చోట కుమ్మరిస్తే, మన సర్వే నంబరు, మన అప్పు ఎవరి కంట పడతాయో అన్న భయం నాకుంది. ధర, వాన అందరివి. నా ఖాతా నాది.

పుంగనూరు ఆయన కాయితంలో కోలారు గడి ఇంకా ఖాళీగానే ఉంది. మిగతా రెండు గడులు నింపి ఇచ్చాను. మీరు ఈసారి మండీకి పోయినప్పుడు చీటీ మీద ధరతో పాటు బాక్సు బరువు, తేదీ రాయించుకోండి. నాటిన తేదీ మీ నోటు పుస్తకంలో రాసిపెట్టండి. రైతు సేవా కేంద్రంలో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్ననే మీరూ అడిగి చూడండి, ఏం చెబుతారో.