గర్భిణి భర్తకు నిషేధాలేనా, పనులు లేవా?

ఇల్లాలు నీళ్లోసుకుందని తెలియగానే మన ఆచారం మగవాడికి కొన్ని కట్టడులు పెడుతుంది. క్షవరం చేయించుకోకూడదు, శవం మోయకూడదు, సముద్రస్నానం కూడదు, చెట్టు కొట్టకూడదు. నెల్లూరు మెట్టలో, ఉదయగిరి కొండ కింది పల్లెల్లో, ఆత్మకూరు చుట్టుపక్కల వీటిని పాటించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గడ్డం పెంచితే చాలు, మంచి మొగుడైపోవచ్చు. అదే ఇంట్లో ఆమె గుక్కెడు నీళ్లు కూడా నిలవక కక్కుకుంటుంటే అతను ఏం చేయాలో మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు.

కాలం లెక్క చూడండి. వేవిళ్లు అయిదారు వారాలకు మొదలై, తొమ్మిది పది వారాలకు ముదిరి, చాలామందికి అయిదో నెలకల్లా తగ్గుతాయి. అమ్మాయిని పుట్టింటికి పంపేది ఏడో నెలలో, తొందరపడితే అయిదో నెలలో. కష్టం గట్టెక్కాక తల్లి దగ్గరికి చేరుతుందన్నమాట. అసలు బాధంతా అత్తింట్లో, తాలింపు పొగలోనే. పైగా మూడో నెల నిండేదాకా బయటికి చెబితే దిష్టి తగులుతుందట, కనుక ఆసుపత్రి ఊసెత్తకూడదు. సర్కారూ తక్కువ తినలేదు. 2016లో మొదలుపెట్టి ప్రతి నెలా 9న గర్భిణులకు చేస్తున్న ఉచిత పరీక్షల పథకం కూడా నాలుగో నెల నుంచి వర్తించేదే.

వాంతులు మితిమీరితే గాలి సోకిందంటారు. ఈ మెట్టలో గాలి అనగానే చాలామందికి అనుమసముద్రంపేట దర్గా గుర్తొస్తుంది. హిందువులూ ముస్లిములూ కలిసి వెళ్లే చోటది, ఆ కలయిక మంచిదే. మొక్కు ఎవరిష్టం వారిది. కానీ ఒంట్లో నీరింకిపోతున్న మనిషిని తాయెత్తు కట్టి పడుకోబెడితే దాన్ని భక్తి అనలేం.

గాలి కాకపోతే నటన. ‘మేం కనలేదా, ఇంత వేషం వేశామా’ అనే అత్తల మాట ఒక్క పల్లెటూరి మూఢత్వమే కాదు. అమెరికాలో జన్యుశాస్త్రవేత్త మార్లెనా ఫెజోకు 1999లో ఈ మితిమీరిన వాంతులతోనే గర్భం పోయింది. ఇంట్లోవాళ్లు పట్టించుకోవాలని ఎక్కువ చేసి చెబుతోందన్నట్టు మాట్లాడాడు ఆమె డాక్టరు. తెల్లకోటు వేసుకున్న మూఢనమ్మకం అది. ఆమె ఊరుకోలేదు. తోటి శాస్త్రవేత్తలతో కలిసి 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో కారణం చూపించింది. పిండం వైపు నుంచి తల్లి రక్తంలోకి జీడీఎఫ్15 అనే హార్మోను వస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్లకు ఈ పోటు తట్టుకోవడం కష్టం. ఎప్పుడూ ఎక్కువగా ఉండే బీటా తలసీమియా స్త్రీలకు వికారం అరుదు. అత్త ఏడుగురిని సులువుగా కనడం ఆమె గొప్పా కాదు, కోడలికి పడకపోవడం ఆమె తప్పూ కాదు.

ఆడపిల్లయితే వాంతులెక్కువన్న మాటలో పిసరంత నిజముంది, తీవ్రమైన కేసుల్లో ఆడపిండాలు కాస్త ఎక్కువ. ఆ తేడాతో జోస్యం చెప్పడం మాత్రం కుదరదు. ఇక తొలి నెలల్లో మందు మింగితే బిడ్డకు అవిటితనమన్న భయం 1960 ప్రాంతంలో థాలిడోమైడ్ మిగిల్చింది. ఆ భయానికి అప్పుడు కారణముంది. ఇప్పుడు డాక్టర్లు ముందుగా రాసే డాక్సిలమిన్, బి6 దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే.

భర్తకు పని లేదనకండి. పొయ్యి దగ్గరికి ఆమెను పోనివ్వకుండా వంట మీరే చేయండి. బెంగళూరులోనో చెన్నైలోనో పనిలో ఉంటే ఆ కొన్ని వారాలైనా ఇంటికి రండి. అమ్మ విసుక్కుంటే జవాబు మీరే చెప్పండి. వారం వారం బరువు తూయించండి: 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గిందంటే అవి మామూలు వేవిళ్లు కావు. రోజంతా నీళ్లు నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, లేస్తే కళ్లు తిరుగుతున్నా మంగళవారమని, అమావాస్యని ఆగొద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ పెట్టే గ్లూకోజు సీసాతో సరిపెట్టొద్దు. వారాల తరబడి తిండి లేని ఒంట్లోకి బి1 విటమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు రావచ్చు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో కీటోన్ పరీక్ష చేయమని, గ్లూకోజుకు ముందు బి1 ఇవ్వమని నోరు తెరిచి అడగండి.