మన గట్ల మ్యాప్ మన గోదాములోనే ఉండాలి



పోయిన వీడియోలో కంది చేను అంచున బఫర్ వరుస చూపిస్తూ, మధ్యలో రెండు నిమిషాలు మా మ్యాప్ కూడా చూపించాను. ఘనజీవామృతం మోతాదు అడుగుతారనుకుంటే, ఎక్కువ మంది "అన్నా, ఆ మ్యాప్ ఏ యాప్?" అనే అడిగారు. అది యాప్ కాదు. మా గోదాములో విత్తనాల బస్తాల పక్కన, టేబుల్ మీద ఉన్న పాత డెస్క్‌టాప్ అది. మా సంఘం రైతుల చేలు, పొలాలు, బోర్లు, పక్కన మందులు కొట్టే పత్తి ఎక్కడుంది, ఇవన్నీ అందులోనే ఉంటాయి. గోదాము వైఫైలో ఉన్న ఏ ఫోన్‌లోనైనా బ్రౌజర్ తెరిస్తే కనిపిస్తది. గేటు దాటితే కనిపించదు.

అట్లా ఎందుకు పెట్టుకున్నామో చెప్తా. మూడేళ్ల కింద ఒకాయన వచ్చి, మీ రైతుల చేలన్నీ ఉచితంగా మ్యాప్ చేసిస్తాం, సర్టిఫికేషన్‌కి పనికొస్తది అన్నాడు. మాకూ అవసరమే. పీజీఎస్ గ్రూపులో ఒకరి చేను ఒకరు తనిఖీ చేయాలంటే ఏ గట్టు ఎవరిదో తెలియాలి, పక్క చేనులో ఏం కొడుతున్నారో తెలియాలి. సరే అని ఎండల్లో నెల రోజులు ఫోన్లు పట్టుకుని గట్లన్నీ తిరిగాం. రెండో ఏడు లాగిన్ పని చేయలేదు. ఫోన్ చేస్తే, ఉచిత ప్లాన్ ఎత్తేశాం, రైతుకి ఇంత కట్టాలి అన్నారు. కట్టం, మా డేటా మాకియ్యండి అంటే, స్క్రీన్‌షాట్లు పంపారు. గట్టు గీతల ఫైల్ మాత్రం రాలేదు. మేం నడిచిన గట్లు, మా చెప్పులు అరిగిన గట్లు, మాకే కనబడకుండా పోయినయి.

వాళ్లను తిట్టడానికి ఇది రాయట్లేదు. పెద్ద కంపెనీలదీ ఇదే దారి. గూగుల్ కూడా 2018లో తన మ్యాప్‌లను వెబ్‌సైట్లలో వాడుకునే రేట్లు మార్చింది, అప్పటిదాకా తేలిగ్గా వాడుకున్న చిన్న సంస్థలు చాలా ఇబ్బంది పడ్డాయి. వాళ్ల వ్యాపారం, వాళ్ల ఇష్టం. మన గట్టు కూడా వాళ్ల ఇష్టం మీద ఉండాలా అన్నదే నా ప్రశ్న.

ఇల్లందు వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మన ఊరిని బొగ్గుట్ట అంటారు కదా. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి డాక్టర్ కింగ్ వచ్చి ఇక్కడ బొగ్గు ఉందని గుర్తించాడు. 1886కల్లా ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. సింగరేణి అన్న పేరు కూడా ఇక్కడి పల్లెదే. బొగ్గు వల్ల ఊరు పెరిగింది, మా ఇళ్లలోనూ ఆ జీతాలతో చదువుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ కాళ్ల కింద ఏముందో ఇక్కడి వాళ్ల కంటే ముందు పటం చేతిలో ఉన్నవాడికి తెలిసింది.

మా దగ్గర ఇంకో సంగతి ఉంది, పోడు. 2023 జూన్‌లో రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలు ఇచ్చారు, అందులో మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాటా పెద్దదే. అయినా పట్టా రానివాళ్లు, వచ్చినా కొంతకే వచ్చినవాళ్లు ఉన్నారు. మా సంఘంలో ఒక కోయ పెద్దాయన ఉన్నాడు. యూరియా బస్తా ఎప్పుడూ మోయలేదు, ఆయన చేనులో జొన్న, కంది, బొబ్బర కలిపి ఉంటయి. మళ్లీ కొత్తగా గట్లు నడుద్దామని పోతే ఆపాడు.

"బిడ్డా, ఇది ఎవరెవరు చూస్తరు?"

"మన సంఘమోళ్లే తాతా."

"పోయినసారి కూడా గట్లనే అన్నవ్."

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చినంక ఆలోచించాను. డిప్లొమాలో సర్వే చెయిన్ పట్టుకోవడం నేర్పారు గానీ, కొలిచిన కాగితం ఎవరి బీరువాలో ఉండాలో చెప్పలేదు. పట్టా లేని చేను చుట్టూ కచ్చితమైన గీత గీసి ఎవరిదో సర్వర్‌లో పెడితే, ఆ గీత రేపు ఆ రైతుకి ఆధారం కావచ్చు, ఆ రైతు మీదే ఆధారం కూడా కావచ్చు. అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్‌ను పరిశీలించి పటం తయారు చేయాల్సింది గ్రామసభ వేసుకున్న అటవీ హక్కుల కమిటీ. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటికి బదులు కాదని 2012 సవరణ నియమాల్లో స్పష్టంగా ఉంది. పటం ఊరి చేతిలో ఉండాలన్న ఆలోచన చట్టంలోనే ఉన్నప్పుడు, మనం ఎందుకు బయట పెట్టాలి?

ఇంక మేం ఏం చేశామో. డెస్క్‌టాప్ పాతది కొన్నాం, 8 జీబీ ర్యామ్, కొత్తగా ఒక ఎస్‌ఎస్‌డీ వేశాం. దాంట్లో లినక్స్. గట్ల డేటా దాచేది పోస్ట్‌జిస్. మ్యాప్ గీసేది క్యూజీఐఎస్, దాన్ని బ్రౌజర్‌లో చూపించేది క్యూజీఐఎస్ సర్వర్, దాని మీద లిజ్‌మ్యాప్. చేలో నడిచేటప్పుడు ఫోన్‌లో క్యూఫీల్డ్. సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కట్టలేదు, అన్నీ ఓపెన్ సోర్సే. సిగ్నల్ లేని అడవి అంచున కూడా క్యూఫీల్డ్ పని చేస్తది, సాయంత్రం కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. వెనక చిత్రం కోసం హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భువన్ వాడుతున్నాం. ఇది 2009 నుంచి ఉంది. పంట పచ్చదనం చూడటానికి ఐరోపా వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు ఉచితం. ఒక చుక్క అంటే 10 మీటర్లు, కాబట్టి అరెకరం చేలకి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నెట్ లేకపోతే భువన్ చిత్రం రాదు, గీతలు మాత్రం ఉంటాయి. మాకు అదే చాలు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి కూడా అడిగారు. దాని డేటా మొత్తం దింపుకుని మన కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. వాళ్ల సర్వర్ నుంచి మ్యాప్ బొమ్మలను మూకుమ్మడిగా దింపడం మాత్రం నిషేధం, చందాలతో నడిచే సర్వర్లు అవి. మా వైపు తండాలు, గూడేల దారులు, వాగులు అందులో చాలా తక్కువ. అవి మేం ఎక్కిస్తున్నాం, అందరికీ పనికొచ్చేవి కాబట్టి. చేల గట్లు మాత్రం ఎక్కించం.

ఫోన్ జీపీఎస్‌ని గుడ్డిగా నమ్మొద్దు. ఎకరం చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు. ఒక్క వైపు గట్టు 5 మీటర్లు పక్కకి పడిందంటే 320 చదరపు మీటర్లు, అంటే మూడు గుంటల పైనే తేడా. ఇప్పచెట్ల కింద ఇంకా ఎక్కువ తప్పుతది. అందుకే మా మ్యాప్ మీద "ఇది హద్దుల కొలత కాదు" అని పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాం. అన్నదమ్ముల పంచాయితీకి దీన్ని తీసుకుపోతే గొడవ పెరుగుతది తప్ప తగ్గదు.

మ్యాప్ చేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలని కొందరికి భయం. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత, భారతీయ సంస్థలు మ్యాప్ డేటా సేకరించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, నిషేధిత విషయాలు తప్ప. అడ్డంగా ఒక మీటరు కంటే సూక్ష్మమైన డేటా ఉంటే అది మన దేశంలోనే ఉండాలి. మన ఫోన్ కొలత అంత సూక్ష్మం కాదు గానీ, రేపు డ్రోన్ సర్వే చేయిస్తే ఇది గుర్తు పెట్టుకోండి.

ఇది సులువని మాత్రం చెప్పను. కరెంటు పోతది, యూపీఎస్ కావాలి. మొదటి వానాకాలంలో పిడుగు పడి రౌటర్ కాలింది. రోజూ రాత్రి బ్యాకప్ తీసి, వారానికోసారి ఆ హార్డ్‌డిస్క్‌ను ఇంకో ఊళ్లో కోశాధికారి అక్క ఇంట్లో పెడతాం. అన్నిటికంటే పెద్ద లోపం నేనే. ఆరు నెలలు పాస్‌వర్డ్‌లు నాకొక్కడికే తెలుసు. నాకు డెంగ్యూ వచ్చి ఖమ్మం ఆస్పత్రిలో ఉన్న వారం, తనిఖీకి వచ్చినవాళ్లకి మ్యాప్ చూపించేవాడే లేడు. కంపెనీ ఒకటి డేటా ఆపిందని ఊరంతా చెప్పుకు తిరిగిన నేను చేసిందేంటి మరి? ఇప్పుడు ఇద్దరు పిల్లలకి, ఒక పాపకి, ఒక బాబుకి, మొత్తం పని నేర్పించాం. పాస్‌వర్డ్‌లు కవర్లో పెట్టి సంఘం బీరువాలో ఉంచాం. మీ దగ్గర ఇట్లా ఇద్దరు దొరక్కపోతే సర్వర్ జోలికి పోవద్దు. ఇరవై మంది రైతులకైతే ఒక ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్, రెండు పెన్‌డ్రైవ్‌లు చాలు. ఊకే హంగుకి సర్వర్ పెట్టొద్దు.

కొనేవాళ్లు మ్యాప్ అడగడం పెరుగుతది. కాఫీ, రబ్బరు, పామాయిల్ లాంటివి ఏ భూమిలో పండాయో అక్షాంశ రేఖాంశాలతో చూపాలని యూరప్ 2023లో చట్టం తెచ్చింది, అమలు వాయిదా పడుతూ వస్తోంది. మన కందిపప్పుకి అది వర్తించదు, అయినా అలవాటు అందరికీ పాకుతది. అడిగినప్పుడు ఇద్దాం. ఏ రైతుది, ఎంతవరకు, ఎన్ని రోజులకి అన్నది సంఘం తీర్మానం రాసి, ఆ రైతు సంతకం పెట్టాకే. మొన్న ఒక వ్యాపారికి అట్లాగే పదకొండు చేల ఫైల్ ఇచ్చాం, పేర్లు తీసేసి నంబర్లతో. ఆయనేం కాదనలేదు.

ఇన్‌స్టాల్ చేసే పద్ధతి వచ్చే వీడియోలో మొదటి నుంచి చూపిస్తాం, ఆ పాపే చేస్తది. తాత చేను ఇప్పటికీ మా మ్యాప్‌లో లేదు. ఆయన పేరు, పంటలు నోటు పుస్తకంలో ఉన్నాయి, తనిఖీకి గ్రూపోళ్లం నడిచిపోయి చూసొస్తున్నాం. మొన్న ఒకసారి గోదాముకి వచ్చి, కంప్యూటర్ ముందు కూచుని, వాగు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి, "ఇక్కడ మలుపు తప్పు గీసిర్రు" అన్నాడు. పోయి చూస్తే నిజమే. అది సరిచేశాం.