సీటీ రిపోర్టులో ఆ ఒక్క అంకె ఏదీ?

2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో ఉధృతిలో కాస్త జ్వరం వచ్చినా జనం ఛాతీ సీటీకి పరుగెత్తిన రోజులవి. ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని, లక్షణాలు స్వల్పంగా ఉంటే అది అక్కర్లేదని అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. రేడియాలజిస్టుల సంఘం వెంటనే అభ్యంతరం చెప్పింది. ఆధునిక యంత్రాల్లో అతి తక్కువ డోసుతో తీస్తే 5-10 ఎక్స్‌రేలంతే అన్నది వారి వాదన.

ఎవరిది తప్పు? లెక్క చూస్తే ఎవరిదీ కాదు. ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 0.02 మిల్లీసీవర్టులు. మామూలు సెట్టింగులతో తీసే ఛాతీ సీటీలో 5 నుంచి 7. ఊపిరితిత్తుల కోసమే డోసు తగ్గించి తీస్తే ఒకటి, ఒకటిన్నర. ఇంకా దించితే 0.2 దాకా కూడా వెళ్లొచ్చు. పేరు మాత్రం అన్నింటికీ ‘సీటీ ఛాతీ’యే. చీటీలోనూ బిల్లులోనూ తేడా కనపడదు.

డోసు తగ్గితే బొమ్మలో కాస్త ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. డోసు సగం చేస్తే ఆ గరుకు రెట్టింపవదు, సుమారు 40 శాతమే పెరుగుతుంది. దాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్లూ కొత్త యంత్రాల్లో ఉన్నాయి. పైగా ఊపిరితిత్తి నిండా గాలే కాబట్టి అందులో చిన్న గడ్డ ఉన్నా నల్లటి తెరమీద తెల్లచుక్కలా తెలుస్తుంది. అమెరికాలో 53 వేల మందికి పైగా పొగతాగేవారు, మానేసినవారితో చేసిన పరీక్షలో సీటీలు తీసింది సుమారు 1.5 మిల్లీసీవర్టులతోనే. ఎక్స్‌రే తీసినవారితో పోలిస్తే వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. చూడాల్సింది కనపడితే చాలు, బొమ్మ ఫొటో స్టూడియోలో తీసినట్టు ఉండనక్కర్లేదు.

అన్నిచోట్లా ఇది కుదరదు. రక్తనాళంలో గడ్డ కట్టిందన్న అనుమానం ఉన్నా, క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూడాలన్నా, మనిషి బాగా లావుగా ఉన్నా డోసు కావాలి. అవసరమైన స్కాన్‌ను భయపడి మానుకోవడం మరింత ప్రమాదం.

అనంతపురం వాళ్లకు ఈ లెక్క ఎక్కువే వర్తిస్తుంది. ఇక్కడ ఒక స్కాన్, ‘ఎందుకైనా మంచిద’ని బెంగళూరు వెళ్తే అక్కడ మరొకటి. పాత సీడీ ఇంట్లో బీరువాలోనే ఉండిపోతుంది, వెంట తీసుకెళ్లేది రిపోర్టు కాగితం ఒక్కటే. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో పనిచేసి దుమ్ము పీల్చినవారు, క్షయ తగ్గినా దగ్గు పోనివారు ఏళ్ల తరబడి స్కాన్లు తీయించుకోవాల్సి రావచ్చు. వారి ఒంట్లో ఎంత చేరిందో ఎవరైనా కూడి చూశారా?

అందుకే నా డిమాండ్ ఒక్కటే. రక్తపరీక్షలో షుగర్ అంకె వేసినట్టు, ప్రతి సీటీ రిపోర్టు మీదా డోసు అంకె వేయాలి. ఖర్చేమీ లేదు. యంత్రం దాన్ని తనంతట తానే లెక్కకట్టి డీఎల్‌పీ పేరుతో చూపిస్తుంది. ఛాతీ సీటీకైతే దాన్ని 0.014తో గుణిస్తే మిల్లీసీవర్టులు వస్తాయి. 400 ఉంటే 5.6, వంద ఉంటే 1.4. అంకె బయటపడితే పక్క సెంటర్‌తో పోలిక మొదలవుతుంది. సెట్టింగులు వాటంతటవే దిగొస్తాయి.

అప్పటిదాకా మనమే అడగాలి. ‘సార్, ఊపిరితిత్తులకే కదా, తక్కువ డోసులో తీయొచ్చా?’ అనడం అమర్యాదేమీ కాదు. మందు ఎక్కించకముందు, ఎక్కించాక రెండుసార్లు తీస్తామంటే రెండూ ఎందుకో డాక్టరును అడగండి, డోసు దాదాపు రెట్టింపవుతుంది. బల్లమీద చేతులు తలపైకి ఎత్తి ఉంచండి, పక్కన పెడితే యంత్రం ఎక్కువ రేడియేషన్ వాడుతుంది. ఊపిరి బిగపట్టమన్నప్పుడు కదిలితే మళ్లీ తీయాల్సి రావచ్చు. పిల్లలైతే వారి సైజుకు తగ్గ సెట్టింగు పెట్టారో లేదో కనుక్కోండి, గర్భం ఉండే అవకాశముంటే ముందే చెప్పండి. వచ్చేటప్పుడు ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. డోసు పేజీ సాధారణంగా అందులోనే ఉంటుంది.