ఎవరి స్వేచ్ఛ కోసం దాటిన సముద్రం?

అమెరికన్ సాహిత్యం పాఠం చాలా క్లాసుల్లో ఒకే మాటతో మొదలవుతుంది: ప్యూరిటన్లు మతస్వేచ్ఛ కోసం ఇంగ్లండు వదిలి సముద్రం దాటారని. ఎవరి స్వేచ్ఛ అని అడిగే విద్యార్థులు అరుదు. అడిగే వీలిచ్చే నోట్సులు ఇంకా అరుదు.

మతం ఒట్టి ముసుగు, అసలు కావలసింది భూమీ వ్యాపారమూ అని కొట్టిపారేసే మేధావులూ ఉన్నారు. భూమి కావాలన్నది నిజమే. కానీ ముసుగు అనగానే మతం నిర్దోషిగా తప్పుకుంటుంది. అందుకే ఈ వాదాన్నీ నేను ఒప్పుకోను. 1630లో ఆర్బెల్లా ఓడలో వచ్చిన జాన్ విన్‌త్రాప్‌ది దొంగభక్తి కాదు. లోకానికి ఆదర్శమయ్యే సమాజాన్ని దేవుడు తమచేత కట్టిస్తున్నాడని మనసారా నమ్మాడు. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది. దేవుడితో ఒడంబడిక కుదిరిందనుకునేవాళ్ళకి ఎదురు చెప్పిన మనిషి ప్రత్యర్థిగా కాదు, పాపిగా కనిపిస్తుంది.

మసాచుసెట్స్ బే కంపెనీ 1629 నాటి ముద్ర చూడండి. వచ్చి మాకు సాయం చెయ్యండని ఒక ఆదివాసి వేడుకుంటుంటాడు. ఆ మాట అతనిది కాదు, బైబిల్లోంచి తెచ్చి అతని నోట్లో పెట్టారు. 1637 మే నెలలో మిస్టిక్ దగ్గర పీక్వాట్ల కోటకి ఇంగ్లీషు సైనికులు నిప్పు పెట్టారు. ఆడవాళ్ళు, పిల్లలతో సహా వందలమంది చనిపోయారు. అదీ దైవకృపేనని రాసుకున్నారు.

అదే ఏడాది నవంబరులో ఆన్ హచిన్‌సన్‌ని విచారించారు. మంత్రసాని పని తెలిసిన ఆమె, బోస్టన్‌లో తన ఇంట్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని చర్చి ప్రసంగాల మంచిచెడ్డలు మాట్లాడేది. తర్వాత మగవాళ్ళూ రాసాగారు. దేవుడు తనకి నేరుగా తెలియజేశాడని విచారణలో చెప్పింది. విన్‌త్రాప్‌కి దైవాజ్ఞ తెలిస్తే పాలన, ఆమెకి తెలిస్తే నేరం! దేశబహిష్కారం విధించారు, 1638లో చర్చి నుంచి వెలేశారు. ఆమె పక్కన నిలబడిన మేరీ డయ్యర్‌కి అంతకుముందు చనిపోయి పుట్టిన బిడ్డని గోతిలోంచి తవ్వి తీయించి, దేవుడు వేసిన శిక్షకి సాక్ష్యమని ప్రచారం చేశారు. స్త్రీ గర్భం కూడా వాళ్ళకి మతగ్రంథంలో ఒక పేజీయే. క్వేకర్‌గా మారిన డయ్యర్ బహిష్కరణని ధిక్కరించి తిరిగొస్తే, 1660లో బోస్టన్‌లో ఉరి తీశారు.

ఈ ఇద్దరి విగ్రహాలూ ఇప్పుడు మసాచుసెట్స్ శాసనసభ భవనం దగ్గరే ఉన్నాయి. హచిన్‌సన్ బహిష్కరణని గవర్నర్ రద్దు చేసింది 1987లో, మూడున్నర శతాబ్దాల తర్వాత. విగ్రహాలు పెట్టడం తేలికే, విగ్రహం ఎదురు మాట్లాడదు కదా!

తమ విశ్వాసానికి కోరుకున్న స్వేచ్ఛని పక్కవాళ్ళకి నిరాకరిస్తే దాన్ని స్వేచ్ఛ అనం, అధికారం అంటాం. దేవుడి పేరున దేశం కడతామని ఎవరు, ఎక్కడ అన్నా ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ దేశంలో నోరు తెరిచిన ఆడదాని గతేమిటి?