ఉద్దర పుస్తకం పోయి లోన్ యాప్ వచ్చింది

మన బల్లార్‌పూర్‌లో ఇవాళ కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అంటించి ఉంటోంది. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారికి చార్జీ తీసేశారు. దాంతో చిన్న దుకాణాలకూ అది అలవాటైంది. చిల్లర గొడవ తప్పింది. మంచిదే.

అయితే దీంతోపాటు ఉద్దర పుస్తకం పలచబడుతోంది. పేపర్ మిల్లు, బొగ్గు గనుల మీద బతికిన మన ఇళ్లలో కిరాణా అంటేనే ఉద్దర. నెలంతా సామాను తేవడం, జీతం పడ్డాక కట్టడం. జీతం ఆలస్యమైతే షావుకారు నాలుగు మాటలు అనేవాడు గానీ ఉప్పు, పప్పు ఆపేవాడు కాదు. వడ్డీ లేదనుకునేవాళ్లం. అది ధరలోనే కలిసి ఉండేదని మనకూ తెలుసు! ఇప్పుడు “ఫోన్‌పే చేయండి” అంటే ఖాతాలో డబ్బు ఉండాల్సిందే.

నెలాఖరున ఆ లోటు తీర్చడానికి ఫోన్‌లోకే లోన్ యాప్ వచ్చింది. పూచీ అక్కర్లేదు, బ్యాంకు మెట్లెక్కక్కర్లేదు. కానీ దొంగ యాప్ ముందుగా మన ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు చూసే అనుమతి అడుగుతుంది. ఫీజు పేరుతో కొంత ముందే కోసుకుంటుంది. వారం తిరక్కుండానే మొత్తం కట్టమంటుంది. కట్టకపోతే ఫోన్‌లో ఉన్న బంధువులందరికీ దొంగ అని మెసేజీలు పెడుతుంది. మన ఫోన్లలో ఉండేది ఎవరు? వార్ధా నది అవతల కాగజ్‌నగర్, మంచిర్యాల, కరీంనగర్‌లోని వియ్యాలవారు, మేనమామలు. షావుకారు తిట్టినా అది దుకాణం గడప దాటేది కాదు. ఇక్కడ పరువు ఒక్క పూటలో ఊళ్లు దాటుతుంది. 2020 డిసెంబర్‌లో తెలంగాణలో ఈ వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశస్థులు సహా పలువురిని అరెస్టు చేశారు.

2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది. అప్పు నేరుగా తీసుకునేవారి బ్యాంకు ఖాతాలోనే పడాలి. వడ్డీ, ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా చూపాలి. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు, కాల్ వివరాలు యాప్ ముట్టుకోకూడదు. కాబట్టి నంబర్లకు అనుమతి అడిగిందంటే అది తప్పుడు యాప్ అన్నమాట. పిల్లలకు ఈ ఒక్కటి చెప్పినా చాలు.

క్యూఆర్ వల్ల ఇంకో లాభాన్ని మనవాళ్లు పెద్దగా వాడుకోవడం లేదు. రోజువారీ అమ్మకం ఖాతాలో కనిపిస్తే బ్యాంకుకు చూపడానికి లెక్క ఉంటుంది. బండి వ్యాపారులకు 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధిలో తొలి అప్పు 10 వేలతో మొదలైంది, పూచీకత్తు లేకుండా. సకాలంలో కడితే తర్వాతి అప్పు పెద్దది. దరఖాస్తుకు నగర పరిషత్ కార్యాలయంలో అడగాలి.

ఇప్పటికే చిక్కుకున్నవారు భయపడి మళ్లీ మళ్లీ కట్టకండి. మెసేజీలు చెరపకుండా 1930కి ఫోన్ చేయండి. మరాఠీలో, హిందీలో ఫిర్యాదు రాయడం కష్టమైతే సంఘానికి రండి, కూర్చుని రాసిపెడతాం. పేరు బయటికి రానివ్వం.