నడిగడ్డ ఆడవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన ‘తారిణి’ తెరచాప పడవ భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. నడిపినవాళ్ళు ఆరుగురు నౌకాదళ స్త్రీలు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువాళ్ళు. అంటార్కిటికాను చుట్టుకున్న సముద్రం అంచున, చలిగాలుల్లో కేప్ హార్న్ దాటారు. వాళ్ళ సాహసాన్ని అందరూ మెచ్చుకున్నారు. మనం పట్టించుకోవలసింది ఇంకొకటుంది: దారి పొడవునా గాలి, అలల వివరాలు వాతావరణ శాఖకు అందించడం వాళ్ళ పనుల్లో ఒకటి. ఆడవాళ్ళు చూసింది అక్కడ లెక్కకొచ్చింది.

గద్వాలలో రాదు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర ఒకేసారి పొంగి అలంపురాన్ని, నడిగడ్డ ఊళ్ళను ముంచాయి. ఏ ఒక్క వరదనూ భూమి వేడెక్కడానికే అంటగట్టలేం గాని, వేడిగాలి ఎక్కువ తేమ మోస్తుంది, ఆ తేమే కుండపోతగా కురుస్తుంది. నీళ్ళు ఏ గడపదాకా వచ్చాయో, ఏ గింజ తడిసిందో, మర్నాడు తాగునీరు ఎక్కడ దొరికిందో ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. నష్టం రాసేవాళ్ళు అడిగేది పట్టా. పట్టా ఎక్కువగా మగవాడి పేరు మీదే. కౌలు చేసే ఒంటరి స్త్రీకి, విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ కూలికి పోయే ఆమెకు ఆ కాగితంలో చోటే లేదు. వరదకు కూలి పోతే అది నష్టం కాదా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలెక్టర్లను మనం అడగవలసింది రెండే. పంట నష్టం రాసేటప్పుడు సాగు చేస్తున్నది ఎవరో ఊళ్ళో విచారించి ఆ పేరే రాయాలి. ప్రతి పంచాయతీలో వాన కొలిచే పరికరం, ఒక పుస్తకం పెట్టి మహిళా సంఘానికి అప్పగించాలి, ఊరికే కాదు, జీతమిచ్చి.